ఫ్రెంచి సినిమాకి వన్స్ మోర్

ఇప్పుడు పాట నచ్చితే ఫోను మీద వేలుతో వెనక్కి జరుపుకుని ఎన్నిసార్లయినా వింటున్నారు. ఎవరినీ అడిగే పని లేదు, ఎవరికీ చెప్పే పని లేదు. ఆ రోజుల్లో అలా కాదు. పాట నచ్చిందంటే ఆ సంగతి పాడినవాడికి తెలియాలి, పక్కవాడికి తెలియాలి, ఊళ్ళో సగంమందికి తెలియాలి. పామర్రు దగ్గర మా పల్లెలో కోతలయ్యాక నాటకం వేయించేవారు. రాజు వేషగాడు పద్యం ఎత్తుకుని, రాగం లాగి లాగి దించగానే మగవాళ్ళ చాపల వైపు నుంచి "వన్స్ మోర్" అని కేక వచ్చేది. మళ్ళీ పాడమని దానర్థం. కేక వచ్చిందంటే రాజు మళ్ళీ పాడాల్సిందే. యుద్ధంలో బాణం తగిలి పడిపోయినవాడు కూడా లేచి, పంచె దులుపుకుని, ఆ పద్యమే మళ్ళీ పాడి, జాగ్రత్తగా అదే చోట మళ్ళీ పడిపోయేవాడు. చచ్చినవాణ్ణి లేపాం గదా అని ఎవరికీ పాపం అనిపించేది కాదు. బాగా పాడినవాడు రెండుసార్లు చావడం మా ఊళ్ళో మర్యాద.

ఆడవాళ్ళు మాత్రం అరిచేవాళ్ళు కాదు. అరవొద్దని ఎవరూ చెప్పలేదు, కానీ ఎవరూ అరవలేదు. నాకేమో పద్యమంటే ప్రాణం, గొంతేమో బొంగురు. (నా గొంతు సంగతి ఇది రాసిపెడుతున్న లైబ్రరీ మేడమ్‌ని అడగండి. నేను గుసగుసలాడితే వరండా చివర పావురాలు లేస్తాయి.) అందుకని మా ఆయన నాకో ఏర్పాటు చేశాడు. ఆయన రైసు మిల్లులో బస్తాలు మోసేవాడు, మంచి కేక ఉన్న మనిషి. నాటకం నాడు మగవాళ్ళ చాపల మీద ఆఖర్న, ఆడవాళ్ళకి దగ్గరగా కూర్చునేవాడు. నేను కొంగున చింతగింజలు కట్టుకుని వెళ్ళేదాన్ని. నచ్చిన పద్యం రాగానే ఒక గింజ ఆయన వీపు మీద పడేది, ఆయన మోకాళ్ళ మీద లేచి "వన్స్ మోర్" అని కేకేసేవాడు. ఒకసారి ఎవరో విసిరిన వేరుశనగ తొక్క తగిలితే నేనే అనుకుని, మధ్యలో తెర లాగడానికొచ్చిన మనిషికి వన్స్ మోర్ కొట్టాడు. ఆ తెర లాగేవాడు పాపం, రెండోసారి కూడా లాగాడు.

పెళ్ళయిన తొమ్మిదో ఏట మా ఆయన రెండు రోజుల జ్వరంలో పోయాడు. నాకప్పటికి ముప్ఫై నిండలేదు. మా పిన్ని కూతురు విజయవాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో వంట చేసేది, అది చెప్పి నన్ను అక్కడ ఆయాగా పెట్టించింది. ఊడవడం, తుడవడం, తాళాలు తియ్యడం, గంట కొట్టడం. పిల్లలు నన్ను "ఆయమ్మా" అనేవాళ్ళు, లెక్చరర్లు "ఏమ్మా" అనేవాళ్ళు, ఆఫీసు గుమాస్తా "ఇదిగో" అనేవాడు. నా పేరు నాకే మరుపొచ్చే రోజులు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున తరగతి గది దగ్గర ఎవరో "ఆయమ్మ గారూ, మీరు ఈ తాళం తీస్తారా" అన్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను, నా వెనక ఎవరైనా పెద్దావిడ నిలబడిందేమోనని. ఎవరూ లేరు. ఆ పిలిచినావిడే ఫ్రెంచి మేడమ్. ఫ్రెంచి అన్నాను గదా అని తెల్ల దొరసాని అనుకునేరు, గన్నవరం పక్క పల్లెటూరి పిల్లే. సన్నగా, కళ్ళజోడు, నేత చీర, వేళ్ళకెప్పుడూ సుద్దపొడి. పాండిచ్చేరిలో చదివొచ్చి మా కాలేజీలో ఫ్రెంచి చెప్పేది. చెప్పేది అంటే చెప్పడానికి సిద్ధంగా ఉండేది, వినడానికే పిల్లలు లేరు. సెకండ్ లాంగ్వేజీ అనగానే అందరూ సంస్కృతం వైపు పరుగెత్తేవాళ్ళు, మార్కులు బాగా పడతాయని. సంస్కృతం మాస్టారి గదిలో బెంచీలు చాలక కిటికీ గట్ల మీద కూర్చునేవాళ్ళు. ఆయన మంచాయనే. "నేనేం చెయ్యనమ్మా, వాళ్ళే వస్తున్నారు" అని ఫ్రెంచి మేడమ్ దగ్గర నిజంగానే బాధపడేవాడు. బాధపడుతూనే పేర్లు రాసుకునేవాడు.

ఆ ఏడు కాలేజీ తెరిచిన కొత్తలో నేను టీ పట్టుకెళ్ళేసరికి ప్రిన్సిపాల్ మేడమ్ గదిలో ఫ్రెంచి మేడమ్ నిలబడి ఉంది. ప్రిన్సిపాల్ మేడమ్ పెద్ద బొట్టు, పెద్ద గొంతు, ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు కాలేజీలో లేరని చెప్పుకునేవారు.

"చూడమ్మా, పోయినేడు నీకు ఆరుగురు. ఈసారి కొత్తవాళ్ళలో పదిమంది చేరకపోతే సెక్షన్ ఎత్తేస్తామంటోంది మేనేజ్‌మెంటు. వచ్చే శుక్రవారం నాలుగు గంటలకి లిస్టు మూసేస్తారు. నా చేతుల్లో లేదు" అంటోంది.

"సరే మేడమ్" అని ఫ్రెంచి మేడమ్ బయటికొచ్చి మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటోంది. తుడిచిందే తుడుస్తోంది.

"సెక్షనెత్తేస్తే మీరేం జేస్తారు మేడమ్?" అన్నాను.

"వెళ్ళిపోవాలి ఆయమ్మ గారూ. నాకు తెలిసి ఈ ఊళ్ళో నాకు ఇంకో చోటు లేదు."

ఆవిడ పోతే ఆ కాంపౌండులో నన్ను "మీరు" అనే మనిషి ఉండదు. ఆవిడ బాధ ఆవిడది, నా స్వార్థం నాది. ఆ పూట టీ గ్లాసులు కడుగుతూ నేను కూడా పదిమందిని లెక్కపెట్టడం మొదలెట్టాను.

మేడమ్ ఆలోచించి ఆలోచించి ఒక సినిమా వేస్తానంది. కొత్త పిల్లలందరినీ శనివారం మధ్యాహ్నం సెమినార్ హాల్లో కూర్చోబెట్టి ఫ్రెంచి సినిమా చూపిస్తే ఆ భాష ఎంత సరదాగా ఉంటుందో తెలుస్తుందని. ముందురోజు క్లాసులో దాని సంగతి చెబుతుంటే నేను గది తుడుస్తున్నాను. "అమెరికాలో ఒక రకం సినిమాలుంటాయి. బడిపిల్లలు మాట్లాడుతూ మాట్లాడుతూ పాట ఎత్తుకుంటారు, బడి బడంతా డాన్సు చేస్తుంది. అలాంటి వాటిని వెక్కిరిస్తూ ఫ్రెంచివాళ్ళు ఇది తీశారు" అంది. ముందు బెంచీ పిల్ల లేచి, "మాట్లాడుతూ పాటెత్తుకుంటే వెక్కిరించడం దేనికి మేడమ్? మన హీరోలు చేసేదదేగా" అంది. మేడమ్ సుద్దముక్కని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. ఆ సంగతి పాండిచ్చేరిలో ఎవరూ అడిగినట్టు లేరు.

శనివారం వచ్చింది. హాలు కిటికీలకి నల్లగుడ్డలు కట్టాం. వందమందికి పైగా పిల్లలు. ముందు వరసలో ప్రిన్సిపాల్ మేడమ్, పక్కన సంస్కృతం మాస్టారు. ఆయన్ని ఫ్రెంచి మేడమే పిలిచింది, పిలవకపోతే బాగుండదని. నన్ను తలుపు దగ్గర నిలబెట్టి, "ఒక్కళ్ళని కూడా జారిపోనివ్వకండి ఆయమ్మ గారూ, మీదే భారం" అంది. నా మీద అలాంటి భారం అంతకుముందు ఎవరూ పెట్టలేదు. తలుపుకి అడ్డంగా స్టూలేసుకుని కూర్చున్నాను.

సినిమా మొదలైంది. బడి వరండా పొడుగునా పసుప్పచ్చ ఇనప బీరువాలు, పిల్లల పుస్తకాలు పెట్టుకునేవట. హీరో బడిపిల్లాడే గాని వయసు నలభైకి తక్కువుండదు, నడినెత్తిన జుట్టు పల్చబడింది, వీపున పుస్తకాల సంచి. వాడి బీరువా తాళం రాలేదు. అంతే, పాటెత్తుకున్నాడు. తాళం రాలేదని ఒక చరణం, వస్తే ఏం చేస్తాడో ఒక చరణం. వెనక ముప్ఫైమంది బీరువా తలుపుల మీద దరువేస్తూ ఆడారు. టీచరమ్మ వచ్చి కూర్చోండి అంటే అందరూ పాట తాళానికి కూర్చున్నారు, లేవండి అంటే తాళానికి లేచారు, ఆవిడ కోప్పడితే ఆ కోపానికి వాయిద్యాలొచ్చాయి. అందరూ ఫ్రెంచివాళ్ళే, అమెరికా వాళ్ళలా వేషాలు. కింద ఇంగ్లీషులో అక్షరాలు పడుతున్నాయి.

హాల్లో నవ్వు లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. మొదట్లో మేడమ్ ఒక్కతే లాప్‌టాప్ పక్కన నిలబడి నవ్వింది. రెండుమూడు చోట్ల నవ్వి, తన నవ్వు తనకే వినపడి ఆపేసింది. నేను తలుపు దగ్గర కూర్చున్నాను గనక అందరి తలలూ కనపడుతున్నాయి. అందరూ కింద అక్షరాలు చదువుకుంటున్నారు. ఆ వరస చదవడం అయ్యేలోపు పైన బొమ్మ మారిపోతోంది, మళ్ళీ కొత్త వరస. పరీక్ష రాస్తున్నట్టు ఉంది వాళ్ళ వాలకం. కాసేపటికి ఒక్కొక్కతే నా స్టూలు దగ్గరికి రావడం మొదలెట్టింది.

"ఆయమ్మా, బాత్రూమ్."

"ఇప్పుడేగా వెళ్ళొచ్చావు."

"ఆయమ్మా, మైలవరం బస్సు పోద్ది."

"నువ్వు హాస్టల్లో గదా ఉండేది. బస్సుతో నీకేం పని?"

ఎంత కాపు కాసినా పదకొండు మంది జారిపోయారు. ప్రిన్సిపాల్ మేడమ్ రెండుసార్లు వాచీ చూసుకుంది. ఫ్రెంచి మేడమ్ మళ్ళీ కళ్ళజోడు తీసి తుడుస్తోంది, ఆ చీకట్లో ఏం కనపడుతుందని తుడుస్తోందో.

నేను మాత్రం, నిజం చెబుతున్నాను, అంత ముచ్చటైన సినిమా అంతకుముందు చూడలేదు. నాకు చదువు రాదు గనక కింద అక్షరాలతో నాకు పని లేదు, బొమ్మ మాత్రమే చూశాను. వెనక ఆడేవాళ్ళలో ఎడమ చివర ఒకడున్నాడు. అందరూ కుడి కాలెత్తితే వాడు పక్కవాడి కాలు చూసుకుని, తన కాలు చూసుకుని, అప్పుడెత్తుతాడు. ప్రతి పాటలోనూ అంతే. రాకుండా అలా ఆడినవాణ్ణి మా ఊళ్ళో చూశాను గాని, వచ్చి ఉండి అంత పద్ధతిగా రానట్టు ఆడటం ఎంత సాధన చేస్తే వస్తుంది? టీచరమ్మ కోపంగా పాడుతుంటే వెనక గోడ మీద పటం ఊగి ఊగి, ఆవిడ ఆపగానే అదీ ఆగుతుంది. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నాను. ఎవరూ నవ్వని చోట ఆయా నవ్వితే బాగుండదని.

అప్పుడొచ్చింది ఆ వంటావిడ. బడి క్యాంటీన్లో చారు పోసే మనిషి. భారీ మనిషి, నెత్తిన కాగితం టోపీ, చేతిలో గరిటె. హీరో గిన్నె చాపి ఏదో అడిగాడు. ఆవిడ గరిటె గుండెకి ఆనించుకుని కళ్ళు మూసుకుని గొంతెత్తింది. ఆ గొంతు విని నేను స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాను. బొంగురు గొంతు. నూతి గిలక మీద తాడు ఒరుసుకున్నట్టు. నాలాంటి గొంతున్న మనిషి సినిమాలో పాట పాడుతోంది. పాడటమంటే మామూలుగానా, పళ్ళాలు గలగలమన్నాయి, చారు మీద అలలు లేచాయి, మనిషి కదలడం లేదు, మొహంలో ఎంత ప్రేమ, చారు మీదో హీరో మీదో తెలియదు గాని. మూడో వరస ఎత్తుకుని రాగం తీసి పైకి వెళుతోంది, ఇంకాస్త వెళితే అందుకుంటుంది, అంతలో పిల్లలంతా గెంతుతూ వచ్చి ఆవిణ్ణి చారు గుండిగతో సహా తోసుకుంటూ తలుపు బయటికి పంపేశారు. గరిటె ఒక్కటే బయట నుంచి ఊగుతూ కనపడింది. హీరో తన పాట మొదలెట్టాడు.

రాగం మధ్యలో మనిషిని తోసెయ్యడం నేను ఏ నాటకంలోనూ చూడలేదు. నా చెయ్యి దానంతటది కొంగు ముడి వెతుక్కుంది. ముడీ లేదు, గింజలూ లేవు. ఉన్నా విసరడానికి ఎదురుగా ఆ వీపు లేదు. అప్పుడు ఏమయిందో నాకు ఇప్పటికీ తెలియదు. నోరు తెరుచుకుంది.

"వన్స్ మోర్."

పావురాల సంగతి చెప్పాను గదా. హాలు హాలంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. మేడమ్ కంగారులో ఏ మీట నొక్కిందో బొమ్మ ఆగిపోయింది. హీరో నోరు తెరుచుకుని గోడ మీద నిలబడిపోయాడు.

"ఎవరది?" అంది ప్రిన్సిపాల్ మేడమ్.

ఉద్యోగం పోయిందనుకున్నాను. పారిపోదామంటే తలుపుకి అడ్డంగా స్టూలేసింది నేనే.

"నేనేనండి. ఆ వంటావిడ పాట పూర్తిగా విననియ్యలేదండి. మా ఊళ్ళో ఇట్టా తోసేస్తే ఊరుకోరండి. మళ్ళీ పాడిస్తారండి."

చీకట్లో ఎవరో పిల్ల కిసుక్కుమంది. ప్రిన్సిపాల్ మేడమ్ ఆ పిల్ల వైపు చూసింది, నా వైపు చూసింది. "ఏ ఊరమ్మా?" అంది. పామర్రు దగ్గర అని ఊరు పేరు చెప్పాను.  ఆవిడ ముందుకు తిరిగి, పమిట సర్దుకుని, "అడిగింది గదమ్మా. మళ్ళీ వెయ్యి" అంది. (చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, వాళ్ళ నాన్నగారు గుడివాడ పక్క నాటకాల్లో హార్మోనియం వాయించేవారట. ఆవిడ చిన్నప్పుడు ఆ పెట్టె మీదే తలపెట్టి నిద్రపోయేదట.)

మేడమ్ వెనక్కి తిప్పింది. వెనక్కి తిప్పుతుంటే గరిటె లోపలికి వచ్చింది, గరిటె వెనక ఆవిడ వచ్చింది, చారు గుండిగ వచ్చింది, తోసినవాళ్ళంతా వెనక్కి గెంతుకుంటూ పోయారు. పాట మళ్ళీ మొదలైంది. ఈసారి అక్షరాలు పిల్లలు అప్పటికే చదివేశారు, ఇక చదవాల్సింది లేదు. తలలన్నీ పైకి లేచాయి. మొదటిసారిగా బొమ్మ చూశారు. "ఏయ్, ఆ చివరోడి కాలు చూడవే" అంది ఒకతి. "పళ్ళాలెట్టా ఎగురుతున్నాయో చూడు" అంది ఇంకొకతి. రేకుల మీద చినుకులు పడ్డట్టు ముందు ఒక నవ్వు, తర్వాత రెండు, తర్వాత లెక్క లేదు. పాట అయ్యేసరికి మూడో వరస నుంచి "వన్స్ మోర్" అని ఎవరో అరిచారు. నేను కాదు. ఆడపిల్ల గొంతే, కానీ నాది కాదు.

ఇక ఆ సినిమా మా చేతుల్లోకి వచ్చేసింది. తాళం రాని పాటకి వన్స్ మోర్. టీచరమ్మ కోపానికి రెండుసార్లు వన్స్ మోర్. బాత్రూమ్‌కని పోయిన పదకొండు మందీ ఈ గోల విని వచ్చి తలుపు కొట్టారు. "బాత్రూమ్ అయిందా అమ్మా" అని అడిగి గాని తియ్యలేదు నేను. చివర్లో ఆటల మాస్టారు నెత్తికి బంతి తగిలి పడిపోయి, చచ్చిపోతూ పాట పాడాడు. పెద్ద పాట. చావడం, తల వాల్చడం, మళ్ళీ ఒక చరణం గుర్తొచ్చి లేవడం. ఆఖరికి పోయాడు.  అప్పుడు ముందు వరసలో నుంచి సంస్కృతం మాస్టారు లేచి, ఉత్తరీయం సర్దుకుని, నెమ్మదిగా, స్పష్టంగా, "వన్స్ మోర్" అన్నాడు.

ప్రిన్సిపాల్ మేడమ్ ఆయన వైపు చూసింది.

"చివరి చరణంలో శంకరాభరణం ఛాయలున్నాయండీ" అన్నాడాయన, తప్పు చేసినవాడిలా.

"సరే కూర్చోండి మాస్టారూ, చూద్దాం" అంది ఆవిడ. అప్పుడు నవ్వింది. నేను చూశాను. తలుపు దగ్గరున్న నాకు పక్క నుంచి పళ్ళు కనపడ్డాయి.

మేడమ్ తిప్పింది. చచ్చినాయన వెనక్కి వెనక్కి లేచాడు, బంతి ఆయన నెత్తి మీద నుంచి ఎగిరి విసిరినవాడి చేతుల్లోకి వెళ్ళిపోయింది. నాకు మా ఊరు కళ్ళముందు ఆడింది. ఆ రోజు సాయంత్రం టీ గంట కొట్టాల్సింది నేనే, కొట్టనే లేదు. టీ చల్లారిపోతోందని తిట్టడానికి వచ్చిన మా పిన్ని కూతురు కూడా కాగు మూత చేత్తో పట్టుకుని వెనక గోడకి ఆనుకుని చూసింది.

అందరూ వెళ్ళాక నేను నల్లగుడ్డలు విప్పుతుంటే మేడమ్ వేదిక మెట్టు మీద కూర్చుని ఉంది.

"ఆయమ్మ గారూ, ఆ వంటావిడ పాట బాగా లేదని నవ్వుకోవడానికి పెట్టారు సినిమావాళ్ళు."

నేను గుడ్డ పట్టుకుని నిలబడ్డాను. "బాగాలేదా మేడమ్?"

"బాగాలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నా. ఇవాళ మూడోసారి విన్నాక నాకూ తెలియడం లేదు" అని నవ్వింది. కళ్ళజోడు తుడవలేదు.

సోమవారం నుంచి పేర్లు పడ్డాయి. మొదటి రోజు నలుగురు, మర్నాడు ఇద్దరు, ఇలా శుక్రవారం మధ్యాహ్నానికి తొమ్మిదిమంది. అక్కడ ఆగింది. మూడున్నర అయినా తొమ్మిదే. మేడమ్ ఆఫీసు ముందు బెంచీ మీద ఊరికే కూర్చుంది. నాలుగు గంటలకి నేను గంట కొడితే గుమాస్తా లిస్టు మూస్తాడు. గుమాస్తాకి వాచీ ఉంది గాని ఆయన నమ్మేది గంటనే, ఇరవై ఏళ్ళ అలవాటు. గంట నా చేతిలో ఉంది. నేను గంట కొట్టే సుత్తిని తీసుకుని కొంగు కింద పెట్టుకుని హాస్టలుకి పరుగెత్తాను.

మైలవరం బస్సు పోద్దన్న పిల్ల తీగ మీద బట్టలు ఆరేస్తోంది. దానికి సంస్కృతంలో పేరు రాయించాలని వాళ్ళ నాన్న చెప్పి వెళ్ళాడు గాని అది ఇంకా ఏదీ రాయించలేదు, బద్ధకం.

"అమ్మాయ్, ఫ్రెంచిలో చేరవే. ఒక్క పేరు తక్కువైంది."

"నాకు రాదు ఆయమ్మా. ఇంగ్లీషే సరిగా రాదు. క్లాసులో అందరికన్నా నేనే మొద్దుగా ఉంటా. సిగ్గు."

"సంస్కృతం వచ్చుద్దా మరి?"

"అక్కడ కిటికీ మీద కూర్చుంటే ఎవరికీ కనపడం గదా. ఇక్కడ పదిమందే. నాకు రాదని తెలిసిపోద్ది." ఆలోచించి, జాకెట్టు పిండుతూ, "నువ్వు కూడా వచ్చి కూర్చుంటే చేరతా ఆయమ్మా. అప్పుడు నాకన్నా రానోళ్ళు ఒకళ్ళుంటారు" అంది.

నన్ను అంత సూటిగా ఎవరూ అడగలేదు, దేనికీ. సరేనన్నాను. చేతి తడి ఆరకుండానే దాన్ని ఆఫీసుకి లాక్కొచ్చాను. గుమాస్తా కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇదిగో, గంటేది? నాలుగూ పది అయినట్టుందే" అన్నాడు. "సుత్తి కనపడట్లేదండి, వెతుకుతున్నానండి" అన్నాను. కొంగు కింద అది బరువుగా ఊగుతోంది. ఆ పిల్ల పేరు పదోదిగా పడింది. నేను వెళ్ళి గంట కొట్టాను. ఎందుకో గాని ఆ రోజు మామూలుకన్నా నాలుగు దెబ్బలు ఎక్కువ పడ్డాయి.

మాటిచ్చాను గనక వెళ్ళాను. మేడమ్ ప్రిన్సిపాల్ మేడమ్‌ని అడిగింది, ఆవిడ "తుడుస్తూ వినడానికి అభ్యంతరమేముంది" అంది. చీపురు గోడకి ఆనించి ఆఖరి బెంచీలో కూర్చునేదాన్ని. ఆ భాషలో ఒక అక్షరం ఉంది, గొంతు అడుగున గరగరమనిపించాలి. పదిమంది పిల్లలూ ఎంత కిందామీదా పడ్డా వాళ్ళకి అది నున్నగా వచ్చేది. మేడమ్ వరసగా అందరినీ అనిపించి, ఆఖర్న, "మీరనండి ఆయమ్మ గారూ" అంది. నేనన్నాను. మేడమ్ సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. "ఇంకోసారి అనండి" అంది. మూడుసార్లు అనిపించుకుంది. మైలవరం పిల్ల వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు, మోసపోయినదాని చూపు. దానికన్నా రానివాళ్ళు ఉంటారని గదా అది చేరింది. (అది ఆ తర్వాత పంతం పట్టి చదివింది. ఇప్పుడు హైదరాబాదులో పిల్లలకి అదే భాష చెబుతోంది. నా మీద కోపం పోయింది, ఫోను చేస్తుంది.)

సెక్షన్ నిలబడింది. మేడమ్ ఇంకా ఆరేళ్ళు ఉంది మాతో, తర్వాత వైజాగులో పెద్ద ఉద్యోగం వచ్చి వెళ్ళింది. నాకా భాష పెద్దగా రాలేదు. నమస్కారం, కూర్చోండి, తలుపెయ్యండి, చారు బాగుంది, ఇంతవరకే. కానీ ఆ ఏడు మేడమ్ పిల్లలందరి చేతా పేర్లు రాయిస్తూ నా చేత కూడా నా పేరు రాయించింది, ఆ అక్షరాల్లోనే. రోజుకో అక్షరం, బల్ల మీద సుద్దముక్కతో. అప్పటిదాకా నేను రిజిస్టర్లో వేలిముద్ర వేసేదాన్ని. తెలుగులో బస్సు బోర్డు కూడబలుక్కుంటాను గాని రాయమంటే చెయ్యి తిరగదు. ఇప్పటికీ అంతే. సంతకం మాత్రం ఉంది.

ఇప్పుడు నేను ఆయాలందరికీ పెద్దని. రోజూ పొద్దున తాళాల రిజిస్టర్లో సంతకం చేస్తాను. మొన్న కొత్తగా వచ్చిన గుమాస్తా కుర్రాడు చూసి, "ఏంటి ఆయమ్మా, ఇంగ్లీషులో పెట్టేస్తున్నావు" అన్నాడు. "ఇంగ్లీషు కాదు బాబూ, ఫ్రెంచి" అన్నాను. నవ్వాడు. నవ్వనీ. నేను ఆ పేరు చివర ఒక చిన్న వంకర తోక కూడా లాగుతాను, మేడమ్ వద్దని చెప్పినా వినలేదు, అందంగా ఉంటుందని. అప్పుడప్పుడు ఆ తోక లాగుతూ, ముప్ఫై నిండని ఆ మనిషి గుర్తొస్తుంది, తన పేరెవరూ పిలవక మరిచిపోతున్న మనిషి. ఆవిడ ఇప్పుడు ఈ వరండాలోకి వచ్చి ఈ తాళాల పుస్తకం తెరిచి ఆ సంతకం చూస్తే, "ఇదెవరిదండీ, ఎవరో దొరసానిది లాగుంది" అని భయపడి, కొంగుతో పేజీ మీద దుమ్ము తుడిచి, జాగ్రత్తగా మూసిపెట్టి వెళుతుంది.